హై ఫన్ వ్యసనంగా మారితే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో వ్యసనాల కౌన్సెలర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తాగుడు మానలేనివాళ్ళే. కొన్నేళ్ళుగా మాత్రం ఇంకో రకం ఫోన్లు వస్తున్నాయి, సెక్స్ కోసం డ్రగ్స్ వాడే హై ఫన్ గురించి, అంటే కెమ్‌సెక్స్ గురించి. రాత్రి పదకొండు దాటాక, పేరు చెప్పకుండా, "సార్, మా ఫ్రెండ్ ఒకడున్నాడు..." అని మొదలవుతాయి. ఆ ఫ్రెండ్ ఎవరో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం ఆ ఫ్రెండ్ గురించే ఓ అరగంట మాట్లాడుకుంటాం. మాదాపూర్ పీజీల నుంచి, లండన్ ఈస్ట్ హామ్ నుంచి, డాలస్ నుంచి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఎవర్నీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

కెమ్‌సెక్స్ అంటే ఏంటి? తాగి సెక్స్ చేయడం లాంటిదేనా?

కాదు. పార్టీలో తాగాక జరిగేది వేరు. సెక్స్ కోసమే, సెక్స్‌కు ముందో మధ్యలోనో, కావాలని కొన్ని ప్రత్యేకమైన డ్రగ్స్ తీసుకోవడాన్ని కెమ్‌సెక్స్ అంటారు. ముఖ్యంగా మూడు: క్రిస్టల్ మెత్, మెఫెడ్రోన్, జీహెచ్‌బీ లేదా జీబీఎల్. మెత్‌ను టీనా అనీ ఐస్ అనీ అంటారు. మెఫెడ్రోన్‌ను ముంబయి వైపు ఎండీ అంటారు, మ్యావ్ మ్యావ్ అనే పేరూ ఉంది. మూడోదాన్ని ఒక్క అక్షరంతో జీ అంటారు. సూదితో ఎక్కించుకుంటే అది స్లామ్.

కెమ్‌సెక్స్ అనే మాట లండన్ గే మగవాళ్ళ మధ్య పుట్టింది. దాన్ని వాడుకలోకి తెచ్చి, ఇదొక ఆరోగ్య సమస్య అని డాక్టర్లకు నచ్చజెప్పినవాడు డేవిడ్ స్టువర్ట్. ఆయనా ఒకప్పుడు ఇందులో మునిగి తేలినవాడే. తర్వాత సోహోలోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో ఇలాంటివాళ్ళకు సాయం చేస్తూ, 2022లో కన్నుమూశాడు. అమెరికాలో దీన్నే పార్టీ అండ్ ప్లే అంటారు. మన దగ్గర వినిపించేది హై ఫన్. యాప్‌లలో దీనికి వాడే గుర్తులు ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు అవసరం లేదు.

ఇది గేలకు మాత్రమే వచ్చే సమస్యా?

మెత్ తీసుకుని సెక్స్ చేసే ఆడ, మగ జంటలూ ఉన్నారు. వ్యసనం ఎవరి లైంగికతా చూసి పట్టదు. కానీ ఎక్కువ కనిపించేది గే, బైసెక్సువల్ మగవాళ్ళలో, ట్రాన్స్ మహిళల్లో. కారణం వాళ్ళు బతికే తీరులో ఉంది. ప్రేమా, కోరికా రెండూ దాచుకునే పెరుగుతారు. తోడు దొరికే చోటు ఫోన్‌లోని యాప్ ఒక్కటే. డ్రగ్ దొరికేదీ అదే యాప్‌లో. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. చట్టం వదిలేసింది, చుట్టాలు వదల్లేదు.

ఎందుకంత లాగుతుంది?

సగం మెదడు సంగతి. మెత్, మెఫెడ్రోన్ లాంటివి మెదడులో డోపమైన్‌ను, అంటే సుఖం అనిపించే రసాయనాన్ని, ఒక్కసారిగా పొంగిస్తాయి. మంచి భోజనమో, మామూలు సెక్సో ఇచ్చేదానికి అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకలి, నిద్ర, అలసట తెలియవు. జీ అయితే బిడియాన్ని కరిగిస్తుంది.

మిగతా సగం మనసు సంగతి. 2014లో దక్షిణ లండన్‌లో 30 మంది గే మగవాళ్ళతో పరిశోధకులు వివరంగా మాట్లాడారు. వాళ్ళు చెప్పింది సుఖం గురించే కాదు. తమ ఒళ్ళు తమకు నచ్చకపోవడం, కాదంటారేమోనన్న భయం, హెచ్‌ఐవీ ఉందన్న సిగ్గు, ఇవన్నీ ఆ కాసేపు మాయమవుతాయని. నా దగ్గరికి వచ్చిన ఓ కుర్రాడు, ప్రకాశం జిల్లావాడు, ఇదే సంగతి ఇంకోలా చెప్పాడు: "సార్, అది తీసుకున్న రాత్రి మా నాన్న గొంతు వినపడలేదు." వాళ్ళ నాన్న ఆ గదికి మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

కాబట్టి "ఒళ్ళు కొవ్వెక్కి చేస్తున్నారు" అనేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను. కొవ్వెక్కినవాడు రెండు రోజులు అన్నం మానేసి వణుకుతూ కూర్చోడు.

నెలకోసారే కదా, అది వ్యసనం ఎలా అవుతుంది?

లెక్క ఎన్నిసార్లు అన్నదాంట్లో లేదు. నెలకోసారి వాడి, మిగతా 29 రోజులూ దాని గురించే ఆలోచించేవాళ్ళను చూశాను. ఒక రాత్రి అనుకున్నది మూడు రోజులు సాగుతోందా? "ఈసారి సూది వద్దు" అని వెళ్ళి సూదితోనే తిరిగొస్తున్నారా? సోమవారాలు సెలవు పెట్టీ పెట్టీ ఆఫీసు సెలవులు అయిపోయాయా? డ్రగ్ వాడని స్నేహితులు ఒక్కొక్కరే జారిపోయారా? హెచ్‌ఐవీ మాత్రలో, బీపీ మాత్రలో ఆ రోజుల్లో మర్చిపోతున్నారా?

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు నా ఎదురుగా ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూర్చున్నాడు. పెదవి లోపలంతా కొరుక్కుని పుండు చేసుకున్నాడు. ఫోన్ టేబుల్ మీద బోర్లించి ఉంది. అది మోగింది, అమ్మ. ఎత్తి, గొంతు సవరించుకుని, "ఆ, తిన్నానమ్మా. ఉప్మా" అన్నాడు. పెట్టేశాక అడిగితే, చివరిసారి తిన్నది శుక్రవారం మధ్యాహ్నం. అమ్మకు ఉప్మా అని ఎందుకు చెప్పావంటే, "ఏదో ఒకటి పేరు చెప్పకపోతే నమ్మదు" అన్నాడు. అబద్ధం అంత వివరంగా, అంత అలవోకగా వస్తోందంటే ఇక రోజులు లెక్కపెట్టాల్సిన పని లేదు.

నేను అడిగే అసలు ప్రశ్న ఒకటుంది: ఏమీ తీసుకోకుండా సెక్స్ చేసి ఎన్నాళ్ళయింది? చాలామంది వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు.

ఇది డ్రగ్ వ్యసనమా, సెక్స్ వ్యసనమా?

ముడి. ఒక కొస లాగితే రెండోది బిగుసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో డ్రగ్ వాడకపు రుగ్మతలు ఒకచోట, అదుపులేని లైంగిక ప్రవర్తన ఇంకోచోట ఉన్నాయి. హై ఫన్‌లో ఉన్న మనిషికి రెండూ ఒకే రాత్రి జరుగుతాయి. డ్రగ్ గుర్తొస్తే సెక్స్ గుర్తొస్తుంది, కోరిక పుడితే డ్రగ్ కావాలనిపిస్తుంది.

మన డీ-అడిక్షన్ సెంటర్లలో చాలావరకు తాగుడు కోసం కట్టినవి. నాకు తెలిసిన ఒకతను అలాంటి ఒకచోట 45 రోజులు ఉన్నాడు. అక్కడ ఎవరూ ఒక్కసారి కూడా సెక్స్ ఊసెత్తలేదు, ఎత్తితే ఏమవుతుందోనని ఇతనూ నోరు మెదపలేదు. గ్రూపులో అడిగినప్పుడల్లా "ఫ్రెండ్స్‌తో అలవాటైంది" అని చెప్పి బయటపడ్డాడు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు యాప్ తెరిచాడు. ఆ సెంటర్‌వాళ్ళు మంచివాళ్ళే, రోగం సగం చూసి మందిచ్చారు. అందుకే ఎక్కడికి వెళ్ళినా సెక్స్ సంగతి ముందే చెప్పమంటాను. చెబితే మొహం చిట్లించే చోటైతే ఇంకో చోటు వెతుక్కోండి. వ్యసనం నయం చేస్తామన్న పేరుతో "గే లక్షణం పోగొడతాం" అనే డాక్టర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. అలాంటి మార్పిడి చికిత్స వృత్తి నియమాల ఉల్లంఘన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమా?

ఏది వాడుతున్నారన్నదాన్ని బట్టి.

జీ రోజూ, పగలూ రాత్రీ కొన్ని గంటలకోసారి తీసుకునే స్థితికి వచ్చి ఉంటే ఇంట్లో సొంతంగా ఆపకండి. ఇది పెద్దక్షరాలతో రాయాల్సిన మాట, మన లిపిలో పెద్దక్షరాలు లేవు. ఆపిన కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలై, మతిభ్రమ, ఫిట్స్ దాకా పోవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో చేరి, డాక్టర్లు ఇచ్చే మందుల మధ్య మానాలి. "జీహెచ్‌బీ" అంటే అక్కడివాళ్ళకు వెంటనే తట్టకపోతే, "బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే వచ్చే స్థితి లాంటిది" అని చెప్పండి, అర్థమవుతుంది.

మెత్, మెఫెడ్రోన్ ఆపితే ఒంటికి అంత ప్రమాదం లేదు. రెండు మూడు రోజులు నిద్ర, ఆవురావురుమనే ఆకలి, ఆ తర్వాత దేనిమీదా ఆసక్తి లేని దిగులు. ఆ దిగుల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు రావచ్చు. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండకండి. 14416కు చేయండి, అది టెలి మానస్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరో వెంటాడుతున్నారని, గోడల్లోంచి మాటలు వస్తున్నాయని అనిపిస్తే అది మెత్ తెచ్చే సైకోసిస్ కావచ్చు. సైకియాట్రిస్ట్‌కు చూపించాలి.

గదిలో ఎవరైనా పడిపోతే?

"నిద్రపోనీ, తగ్గిపోతుంది" అనుకోవడం వల్లే ప్రాణాలు పోయాయి. జీ విషయంలో మైకానికీ ముప్పుకూ మధ్య తేడా వెంట్రుకవాసి. మద్యం కలిస్తే ఊపిరి ఆగుతుంది. పిలిచినా, గట్టిగా గిల్లినా లేవకపోతే 108కి చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే గొంతుకు అడ్డం పడకుండా. ఉప్పునీళ్ళు తాగించడం, నోట్లో వేళ్ళు పెట్టడం, షవర్ కింద కూర్చోబెట్టడం వద్దు. ఊపిరి ఆగిపోతే, ఫోన్‌లో 108 వాళ్ళు చెప్పినట్టు ఛాతీ మీద ఒత్తుతూ ఉండండి. ఒళ్ళు కాలిపోతూ, ఛాతీ నొప్పి అంటూ, పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తుంటే అది మెత్ వైపు ప్రమాదం, దానికీ ఆసుపత్రే. ఏం తీసుకున్నాడో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆసుపత్రివాళ్ళు మెడికో లీగల్ కేసు రాయొచ్చు, అంటే పోలీసులకు తెలపొచ్చు, అది నిజమే. అయినా చేయండి.

వయాగ్రా లాంటి మాత్రలతో పాపర్స్ (సీసాలోంచి వాసన పీల్చే మత్తు ద్రవం) కలపకండి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

మానడానికి మందులు ఉన్నాయా?

మెత్ వ్యసనానికి ఇదీ మందు అని ఆమోదం పొందినది ఏదీ లేదు. 2021లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద ట్రయల్‌లో నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి ఇస్తే వందలో సుమారు 14 మందికి పనిచేసింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో ఆ సంఖ్య రెండు మూడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మగవాళ్ళతో సెక్స్ చేసే మగవాళ్ళ మీద మిర్టాజపైన్ పరీక్షిస్తే మెత్ వాడకం తగ్గింది. మీ సైకియాట్రిస్ట్‌తో ఈ సంగతి మాట్లాడొచ్చు. మెడికల్ షాపులో మీరే కొనుక్కోకండి.

ఇప్పటిదాకా బాగా పనిచేసిందని తేలింది మాత్రం మందు కాదు, బహుమతి. మూత్ర పరీక్షలో డ్రగ్ లేదని తేలిన ప్రతిసారీ చిన్న కూపన్ ఇస్తారు, వరసగా శుభ్రంగా ఉంటే విలువ పెంచుతూ పోతారు. వినడానికి చిన్నపిల్లల స్కూల్లో స్టార్ పెట్టినట్టే ఉంటుంది. నేనూ మొదట నవ్వాను. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచీ ఇదే చేస్తున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్ గే మగవాళ్ళకోసం ఇలాంటిది నడిపింది. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒకతను తన అక్కతో ఒప్పందం పెట్టుకున్నాడు: వారం వారం టెస్ట్, శుభ్రంగా ఉంటే ఆదివారం బిర్యానీ ఆవిడ ఖర్చు. పదకొండు వారాలు తిన్నాడు. పన్నెండో వారం జారాడు. ఆవిడ తిట్టకుండా "వచ్చే ఆదివారం చూద్దాం రా" అందట.

దీనితోపాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఏ రోజు, ఏ గంటకు, ఏ ఫోన్ చూసినప్పుడు కోరిక లేస్తుందో పట్టుకుని ఆ గంటను ముందే నింపడం దాని సారం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య విభాగం ఉన్నాయి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446, డీ-అడిక్షన్ జాతీయ హెల్ప్‌లైన్.

యాప్‌లు తీసేస్తే చాలా?

ఆ రాత్రికి చాలు. రెండు నిమిషాల్లో మళ్ళీ డౌన్‌లోడ్ అవుతాయి. సరుకు ఇచ్చేవాళ్ళ నంబర్లు బ్లాక్ చేయడం, జీతం పడే ఖాతా శుక్రవారం అక్కకో ఫ్రెండ్‌కో అప్పగించడం ఇంకాస్త గట్టివి.

మూడు నెలలు మానేసి మళ్ళీ వాడేశాను. అంతా పోయినట్టేనా?

మూడు నెలలు ఎక్కడికీ పోవు. జారిన తర్వాతి రెండు రోజుల్లో ఏం చేస్తారన్నదే ముఖ్యం. ఎలాగూ జారానని వారాంతం మొత్తం ఉండిపోతే ప్రమాదం. పైగా ఆపిన తర్వాత ఒళ్ళు పాత మోతాదును తట్టుకోదు.

ఏమీ లేకుండా సెక్స్ ఇక చప్పగానే ఉంటుందా?

అడగడానికి అందరూ సిగ్గుపడే ప్రశ్న, జవాబు కోసం అందరూ వచ్చేదీ దీనికే. మొదట్లో చప్పగానే ఉంటుంది. అబద్ధం చెప్పి లాభం లేదు. కొందరికి అంగం స్తంభించదు, కొందరికి భయంతో చేతులు చల్లబడతాయి. అమెరికా పరిశోధకులు 2001లో మెత్ మానేసినవాళ్ళ మెదడు స్కాన్లు చూస్తే, ఏడాది పైగా దూరంగా ఉన్నవాళ్ళలో డోపమైన్‌ను మోసే ట్రాన్స్‌పోర్టర్లు బాగా కోలుకున్నాయి. అంటే టైమ్ పడుతుంది, వారాల్లో తేలేది కాదు.

నేను చెప్పేది: కొన్ని నెలలు సెక్స్‌కే సెలవు ఇవ్వండి. తర్వాత తెలియని మనిషితో కాకుండా, పేరు, ఊరు తెలిసిన మనిషితో, పగటిపూట మొదలుపెట్టండి. పడక దాకా వెళ్ళాలన్న నియమం పెట్టుకోవద్దు. ఒకతను తన మొదటి డేట్ ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తింటూ గడిపాడు. చెయ్యి పట్టుకోవడానికి గంటన్నర పట్టిందట. "హైలో అయితే ఐదు నిమిషాల్లో అన్నీ అయిపోయేవి సార్" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తులేవు" అన్నాడు.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ సంగతి?

కండోమ్ లేకుండా జరిగితే, సూది పంచుకుంటే, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా అయితే అంత మంచిది. గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో అడగండి, లేదా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు చేయండి. హెచ్‌ఐవీ రాకుండా ముందే రోజూ వాడే ప్రెప్ అనే మాత్ర కూడా ఉంది. హెపటైటిస్ సీ సూదులతోనే కాదు, ముక్కుతో పీల్చే గొట్టం పంచుకున్నా రావచ్చు. అది మందులతో పూర్తిగా నయమవుతుంది. హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉంటే డ్రగ్ ప్రభావం ఊహించనంత పెరగొచ్చు, మీ డాక్టర్‌కు దాచకండి. మన ప్రభుత్వ కేంద్రాల్లో మామూలుగా ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో అవి లేవు.

మత్తులో ఉన్నప్పుడు నాకు ఇష్టం లేనిది చేశారు. వీడియో తీసి డబ్బు అడుగుతున్నారు.

స్పృహ లేని మనిషి ఒప్పుకున్నట్టు కాదు. నేను వెళ్ళాను కాబట్టి నాదే తప్పు అని చాలామంది అనుకుంటారు. వెళ్ళడం వేరు, ఒప్పుకోవడం వేరు. చట్టం విషయంలో ఒక చేదు నిజం: 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మగవాడిపై అత్యాచారానికి ప్రత్యేక సెక్షన్ లేదు. అయినా దారులు మూసుకుపోలేదు. నేరం చేయడానికి మత్తుపదార్థం ఇవ్వడం 123వ సెక్షన్ కింద నేరం. బెదిరించి డబ్బు గుంజడం నేరం. అనుమతి లేకుండా నగ్నంగా వీడియో తీయడం ఐటీ చట్టం 66ఈ కింద నేరం. డబ్బు పంపకండి, చాట్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ముందు ఒక లాయర్‌తో మాట్లాడితే ఇంకా మంచిది.

చికిత్సకు వెళ్తే పోలీసులకు పట్టిస్తారా?

డాక్టర్‌కు మీరు చెప్పింది రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. డ్రగ్ వాడటం మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లోని 27వ సెక్షన్ కింద నేరమే. కానీ అదే చట్టంలో 64ఏ అని ఒకటుంది: వాడినందుకో, కొద్ది పరిమాణం దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట తనంతట తానే చికిత్సకు వెళ్తే విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స పూర్తి చేయాలన్నది షరతు. మన దగ్గర దీని గురించి తెలిసిన లాయర్లే తక్కువ. అమ్మినా, నలుగురికి తెచ్చి పంచినా ఇది వర్తించదు.

నేను యూకేలో చదువుకుంటున్నా. ఎక్కడికెళ్ళాలి?

ఇంగ్లండ్‌లో లైంగిక ఆరోగ్య క్లినిక్‌లు ఉచితం. హెచ్‌ఐవీ చికిత్స కూడా వీసాతో సంబంధం లేకుండా 2012 అక్టోబర్ నుంచి అందరికీ ఉచితమే. అక్కడ "కెమ్స్" అని ఒక్క మాట అంటే చాలు, మిగతాది వాళ్ళే అడుగుతారు. ఆస్ట్రేలియాలో అయితే సిడ్నీలో ఏకాన్, మెల్‌బోర్న్‌లో థార్న్ హార్బర్ హెల్త్ అనే సంస్థలు.

మా తమ్ముడు ఇందులో ఉన్నాడని తెలిసింది. పెళ్ళి చేస్తే దారిలో పడతాడా?

పడడు. ఇంకో ఇంటి ఆడపిల్ల కూడా మీ ఇంటి కష్టంలో పడుతుంది. ఫోన్ లాక్కోవడం, బంధువుల్ని పిలిచి పంచాయితీ పెట్టడం వద్దు. తిన్నాడా, పడుకున్నాడా అని చూడండి. మీకు తెలుసని ఒక్కసారి, మెల్లగా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. గే అన్నది ఒక సంగతి, వ్యసనం ఇంకో సంగతి. రెంటికీ కలిపి ఏడవకండి.

మీ దగ్గరికి వస్తే మొదటిరోజు ఏం అడుగుతారు?

ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, చివరిసారి ఏది ఎప్పుడు తీసుకున్నారు. జీ ఉంటే ముందు ఆసుపత్రి, మాటలు తర్వాత. మూడు రోజులుగా నిద్ర లేకపోతే ఆ రోజుకు ప్రశ్నలు ఆపేసి ఇంటికి పంపి, గురువారం రమ్మంటాను. అసలు పేరు అడగను. మూడోసారో నాలుగోసారో, వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, వాళ్ళే చెబుతారు.